సాల్మన్ చేత పరుగు మాన్పించిన వైనం

ముప్పై ఏళ్ళకు పైగా మనుషుల కాళ్ళు పట్టుకుని బతికినదాన్ని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఫీజు తీసుకునే పట్టుకున్నాను. చేవెళ్ళలో ఒక దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా మొదలుపెట్టి, తరువాత మొయినాబాద్‌లో ఒక మడిగె కిరాయికి తీసుకుని సొంతంగా నడిపి, ఈమధ్యే మూసేశాను. ఇప్పుడు ఆ మడిగెలో చికెన్ సెంటర్ పెట్టారు. వాళ్ళకూ కాళ్ళతోనే పని.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కాలేజీలో మీకు కండరాల పేర్లన్నీ చెప్పి ఉంటారు. మరిచిపోకండి, పరీక్షకు పనికొస్తాయి. నేను చెప్పేది ఆ తరువాతి సంగతి. అందులోనూ ఎక్కువగా ఒక్క మనిషి గురించే చెబుతాను. నా దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, నాకు పని నేర్పినవాళ్ళు మాత్రం కొందరే.

మా పెద్ద డాక్టరు

చేవెళ్ళ దవాఖానలో నా పై అధికారి ఎముకల డాక్టరు. మంచి మనిషి. చేయి తిరిగినవాడు. కాకపోతే ఆయన దగ్గర ఒకటే మందు ఉండేది, దాని పేరు విశ్రాంతి. నడుము నొప్పికి విశ్రాంతి, మోకాలి నొప్పికి విశ్రాంతి. క్యారెట్ పీకే రోజుల్లో వచ్చిన రైతుకు కూడా ఆరు వారాలు మంచం దిగొద్దని చీటీ రాసేవారు. రైతు ఆ చీటీని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని నేరుగా చేనుకు పోయేవాడు.

మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళిద్దరి సంభాషణ ఎప్పుడూ ఒకే రకంగా ఉండేది.

"విశ్రాంతి తీసుకున్నావా?"

"తీసుకున్న సార్."

"నొప్పి తగ్గిందా?"

"తగ్గలే సార్."

"అయితే ఇంకో ఆరు వారాలు."

ఇద్దరూ మర్యాదస్తులే. ఒకరి మాట ఒకరు నమ్మినట్టే కనబడేవారు. ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను, సార్, వీళ్ళెవరూ పడుకోవడం లేదు, మీకు తెలుసా అని. "తెలుసమ్మా. నేను చెప్పలేదని మాత్రం రేపు ఎవరూ అనకూడదు" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు ఆయన మీద గౌరవం తగ్గింది. ఇష్టం తగ్గలేదు. 'ఆగు' అని చెప్పడం తేలిక. ఆగితే ఆ మనిషికి ఏం పోతుందో అడగకుండా చెప్పడం ఇంకా తేలిక. మనలో చాలామంది ఆ రెండో పని చేసి ఫీజు తీసుకుంటాం.

పరుగుల వాళ్ళు

మొయినాబాద్‌కు మారాక నా రోగులు మారారు. తెల్లవారితే రోడ్ల మీద పరుగెత్తేవాళ్ళు కనబడడం మొదలైంది. మొదట్లో ఊరి కుక్కలు వాళ్ళను తరిమేవి. తరువాత అలవాటుపడి తలెత్తి చూడడం కూడా మానేశాయి. మారథాన్ చాలదని, దానికి మించిన దూరాలు, యాభై కిలోమీటర్లు, వంద కిలోమీటర్లు పరుగెత్తేవాళ్ళు తయారయ్యారు. దాన్ని అల్ట్రా మారథాన్ అంటారు. మా అమ్మ కాలంలో అంత దూరం పోవాల్సి వస్తే బస్సెక్కేవాళ్ళు.

వీళ్ళకు వచ్చేవి పడితే తగిలే దెబ్బలు కావు. వాడకం ఎక్కువై, మెల్లగా, చెప్పకుండా వచ్చే గాయాలు. బండి మీద నుంచి పడ్డవాడికి ఏ రోజు పడ్డాడో తెలుసు. వీళ్ళకు అది తెలియదు. మోకిల విల్లాల్లో ఉండే వంశీ అనే సాఫ్ట్‌వేర్ మేనేజరు మడమ నొప్పితో కుంటుకుంటూ వచ్చాడు.

"మేడం, వాచ్‌లో రికవరీ గ్రీన్ చూపిస్తోంది. బట్ నడవలేకపోతున్నా."

"అయితే వాచ్‌ను నడవమనండి" అన్నాను.

నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. నవ్వాడు. చెప్పిన వ్యాయామాలు చేశాడు, తగ్గింది, అప్పటి నుంచి నా మాటంటే గురి. అతనికి చిన్న మంగళారంలో ఒక ఫామ్‌హౌస్ ఉంది. దాని సంగతి తరువాత వస్తుంది.

పుస్తకంలో ఉన్నదే అయినా ఒక్కటి మళ్ళీ చెబుతాను. నొప్పి ఎక్కడ అని అడిగితే అరచేత్తో రుద్ది చూపిస్తే చాలావరకు కండరం. ఒక్క వేలితో ఒక్క చోట పొడిచి చూపిస్తే ఎముకను అనుమానించండి.

సాల్మన్

సాల్మన్ ఒక్క వేలితో చూపించాడు. ఎడమ ముంగాలు, మోకాలికి కింద, లోపలి వైపు, ఒక్కటే చోటు.

అతనిది చిన్న మంగళారం. నలభై ఏళ్ళ మనిషి. చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు. మా చర్చివాడు, నన్ను అక్కా అంటాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు. మానేసిన కొత్తలో తెల్లవారుజామునే మందు కోసం నోరు పీకేదట. ఇంట్లో ఉంటే కాళ్ళు వాటంతటవే కల్లు కాంపౌండు వైపు పోయేవి. అందుకని వాటిని ఇంకో దిక్కుకు ఉరికించాడు. మొదట ఊరి చివరిదాకా. తరువాత మొయినాబాద్ దాకా. తరువాత చేవెళ్ళ పోయి రావడం. ఇలా ఉరికితే పతకాలు ఇస్తారని ఎవరో చెప్పేదాకా అతనికి తెలియదు.

ఆ చలికాలంలో జరగబోయే వంద కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చాడు. చర్చి యువజనులు అతని పేరుతో టీషర్టులు కూడా కొట్టించారు. మా పాస్టర్ అయ్యగారు ఆరాధనలో ప్రకటించారు. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో కాలు నొప్పి మొదలైంది.

సిటీకి పంపి స్కాన్ తీయించాను. ఎముక లోపల వాచింది. ఇంకా విరగలేదు, విరగడానికి సిద్ధంగా ఉంది. నేను చెప్పేదాకా పరుగు బంద్ అన్నాను. సాల్మన్ తలూపాడు. ఆ ఊపు నాకు తెలుసు. చేవెళ్ళ రైతులు పెద్ద డాక్టరు ముందు అలాగే ఊపేవారు.

సాక్ష్యం

మా చర్చిలో పాటల తరువాత సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. విన్నవాళ్ళు హల్లెలూయా అంటారు. ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఆధారం అడగరు.

స్కాన్ వచ్చిన తరువాతి ఆదివారం సాల్మన్ లేచాడు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని ఉన్నాను.

"అయ్యగారికి, సంఘానికి వందనాలు. నా కాలు ఇరుగుతదన్నరు. ప్రార్థన చేసుకొని నిన్న మొయినాబాద్ దాక ఉరికొచ్చిన. నొప్పి లేదు. దేవుడు ముట్టిండు."

హాలంతా హల్లెలూయా అంది. ఆ హాల్లో స్కాన్ చూసింది నేనొక్కదాన్నే. నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టకపోతే పక్కవాళ్ళు ఎందుకని అడుగుతారు. అడిగితే రోగి సంగతి బయటపెట్టాల్సి వస్తుంది. రోగి సంగతి చర్చిలోనైనా సంతలోనైనా బయటపెట్టకూడదు, ఇది రాసి పెట్టుకోండి. ఇదంతా సాల్మన్ రాయమన్నాకే రాస్తున్నాను. దేవుడు స్వస్థపరుస్తాడని నేనూ నమ్ముతాను. కానీ సాల్మన్ తిరిగి తన చోటుకు పోయి కూర్చునేటప్పుడు కుంటడం చూశాను. దేవుడు బాగుచేసిన కాలు కుంటదు.

ఆ రోజు నుంచి నా క్లినిక్‌కు రావడం మానేశాడు. వస్తే నలుగురు చూస్తారు. చూస్తే దేవుడికి అవమానం. మాలో సాక్ష్యం చెప్పే పద్ధతి ఉంది కానీ దాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. మాట ఇచ్చి ఇరుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను. దేవుడి తరఫున మాట ఇచ్చి ఇరుక్కున్నవాడిని అప్పుడే చూడడం. పొద్దున్నే మాత్రం ఉరుకుతూనే ఉన్నాడు.

వారం తిరక్కుండా అతని భార్య సునంద వచ్చింది. మెల్లగా మాట్లాడే మనిషి. ప్రార్థనలో కూడా ఆమె గొంతు పక్కవాళ్ళకు వినబడదు. ఆయన్ను ఆపమని అడగడానికి వచ్చిందనుకున్నాను.

"అక్కా, మీరు ఆయన్ని ఉరుకొద్దన్నరంట. జర ఆ మాట అనకుండ్రి."

"సునందా, ఎముక విరుగుతుంది. మామూలుగా కాదు, రోడ్డు మీదే రెండు ముక్కలైనా కావచ్చు."

"ఇరిగితే పట్టీ ఏస్తరు గదా" అంది. "మళ్ళ తాగితే ఏం పట్టీ ఏస్తరక్కా?"

నాకు భయమేసింది. అంతవరకు నేను కాపాడుతున్నది ఎముకను అనుకున్నాను. ఆ ఇంట్లో ఆ పరుగు మీద ఇంకేం నిలబడి ఉందో ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు. పెద్ద డాక్టరు కుర్చీ పక్కన అన్నేళ్ళు కూర్చుని నేర్చుకున్నది ఇంతేనా అనిపించింది.

"ఊరికే ఆపమని చెప్పను. అతన్ని ఒక్కసారి పంపు" అన్నాను.

ఒంటికాలు

సాయంత్రం, ఇంకా పొద్దు ఉండగానే, క్లినిక్ మూసే వేళకు సాల్మన్ వచ్చాడు. వచ్చీరాగానే తలుపు దగ్గరగా వేశాడు. ఎదుటి హోటల్ నుంచి రెండు చాయ్‌లు తెప్పించాను. అతని చాయ్ అతను ముట్టలేదు. అంతకుముందు వచ్చినప్పుడూ ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"దేవుడు బాగు చేసిండక్కా. సునంద ఊకెనే ఫికర్ చేస్తది."

"మంచిది. ఎడమ కాలి మీద ఒక్కసారి ఎగురు."

ఇది మాకు మామూలు పరీక్షే. ఎముక ఆ స్థితిలో ఉందని తెలిసినప్పుడు మాత్రం చేయించకూడదు. అతను ఎగరడని నాకు తెలుసు కాబట్టి అడిగాను. అయినా లేచి వెళ్ళి, పట్టుకోవడానికి వీలుగా పక్కనే నిలబడ్డాను. సాల్మన్ కుడి కాలు ఎత్తాడు. గోడ పట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉండి మళ్ళీ కాలు దించాడు.

"ఎగరనక్కా."

"ఎందుకు?"

"ఇరుగుతది."

"మరి బాగయిందని సాక్ష్యం ఎట్ల చెప్పినవ్?"

"ముందే చెప్తే దేవుడు మాట నిలబెట్టుకుంటడనుకున్న" అన్నాడు. గోడ మీంచి చేయి తీసి, "ఆగితే తాగుతనేమోనని భయమయితున్నదక్కా" అన్నాడు.

నేను ఈ వృత్తిలో విన్న మాటల్లో ఇంత నిజాయితీ గలవి తక్కువ. ఇక అబద్ధాలు చాలని ఇద్దరికీ అనిపించినట్టుంది. చల్లారిపోయిన చాయ్ వైపు చూపించి, ఉపవాసమా అని అడిగాను. గ్లాసును నా వైపు జరిపి, అవునన్నాడు. ఉపవాసం పదిమందికి చెప్పుకుంటే ఫలం ఉండదని మా వాళ్ళ నమ్మకం. అందుకే, ఏం తింటున్నావని మొదటి రోజు నేనడిగితే అన్నీ తింటున్నానన్నాడు. తాగుడు మానినప్పుడు మొక్కుబడి చేసుకున్నాడట, వారంలో మూడు రోజులు పొద్దూకేదాకా ఏమీ ముట్టనని. ఆ మూడు రోజులూ ఉరికేవాడు. ఉరికి వచ్చి ఫ్యాక్టరీకి పోయేవాడు.

ఎముక రోజూ అరిగినంత రోజూ కట్టుకుంటుంది. దానికి సామాను కావాలి. మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు, సిమెంటు రాలేదు. సాల్మన్ కాలికి జరిగింది అదే. బూట్లను, రోడ్డును, నడక తీరును అడిగే మనం, కంచంలో ఏముందో గట్టిగా అడగం. అడిగినా మొదటి జవాబు రాసుకుని వదిలేస్తాం.

ఉపవాసం మానెయ్యమని నేను అనలేదు. అంటే లేచి పోయేవాడు. "కాలు అతికేదాక అన్నమే నేనిచ్చే మందు. మందేసుకుంటే ఉపవాసం చెడదు గదా?" అన్నాను.

ఆలోచించాడు. "మూడు పూటలా?"

"మూడు పూటలా."

"మరి పొద్దుగాల ఏం చేయాలక్కా? ఆ టైముకే నోరు పీకుతది."

దానికి ముందే ఆలోచించి పెట్టుకున్నాను.

ఈతకొలను

మొయినాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లకు కొదవ లేదు. ఫామ్‌హౌస్ అన్నాక ఈతకొలను ఉంటుంది. ఈత కొట్టేవాళ్ళు తక్కువ, పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు ఎక్కువ. వంశీకి ఫోన్ చేశాను.

"మీ స్విమ్మింగ్ పూల్ కావాలి."

"ఎనీ టైమ్ మేడం. బర్త్‌డే పార్టీనా?"

"కాదు. ఒక మనిషిని అందులో ఉరికించాలి."

లైఫ్ జాకెట్ వేసుకుని, అడుగు నేలకు తగలనంత లోతులో, నీళ్ళలోనే పరుగెత్తాలి. ఎముక మీద బరువు పడదు. గుండెకు, ఊపిరితిత్తులకు మాత్రం రోడ్డు మీద పరుగెత్తినంత పని. గట్టు ఎక్కేటప్పుడు కాలు మోపి ఎగబాకకూడదు, మెట్ల మీద నుంచే రావాలని గట్టిగా చెప్పాను. మీసాలున్న పెద్దమనిషి, నారింజ రంగు జాకెట్, నీళ్ళ మధ్య చేతులు ఊపుతూ ఉరుకుడు. కాపలా ఉండే యాదయ్య నా పక్కన నిలబడి చాలాసేపు చూశాడు.

"మేడం, ఈయన ఎటు పోతుండు?"

"ఎటూ పోడు."

"గంట సేపటి సంది ఉరుకుతుండు గదా?"

"గంట సేపూ ఎటూ పోడు."

యాదయ్య తలూపి చెట్లకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. శని, ఆదివారాలు పార్టీలుంటాయని, మిగతా రోజుల్లో ఎప్పుడైనా రావచ్చని చెప్పాడు. వారంలో ఆ ఐదు రోజులూ తెల్లారకముందే సాల్మన్ నడిచి వచ్చి నీళ్ళలో దిగేవాడు. నోరు పీకే ఆ గంట నీళ్ళలోనే గడిచేది. మూడు పూటలా తింటున్నాడని సునంద కబురు చేసింది. నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

ఆ తరువాతి సోమవారం, పొద్దెక్కాక, ఎలా ఉన్నాడో చూద్దామని వెళ్ళాను. యాదయ్య లేడు. ఎవరో చుట్టాలు పోయారని ముందురోజే ఊరెళ్ళాడట. ఆదివారం పార్టీ తాలూకు సామాను ఎక్కడిదక్కడే ఉంది. కొలనులోకి దిగే మెట్ల మీద సగం తాగిన గ్లాసులు, విస్కీ సీసాలు. ఒకదానికి మూత కూడా లేదు. ఎండకు ఆ వాసన గేటుదాకా వస్తోంది.

సాల్మన్ నీళ్ళలో ఉన్నాడు. అవతలి చివర, గట్టువైపు ముఖం పెట్టి, మెల్లగా ఉరుకుతూనే ఉన్నాడు. పెదాలు నీలంగా మారాయి.

"సాల్మన్! ఎప్పటి సంది ఉన్నవ్ నీళ్ళల్ల?"

"తెల్లారకముందుగాల దిగిన."

"ఇంతసేపా! బయటికి రావచ్చు గదా?"

"దిగేటప్పుడు చీకటుండెనక్కా, కనబడలే. తెల్లారినంక కనబడ్డయ్." వెనక్కి తిరగకుండానే మాట్లాడుతున్నాడు. "మెట్లు గా దిక్కే ఉన్నయ్. వాటి పక్కకెల్లి రావాలె. జర అవి అవతల పడేస్తరా?"

గొంతు మామూలుగానే ఉంది. ఉప్పు అందుకొమ్మని అడిగినట్టు అడిగాడు. నేను సీసాలు తీసుకుపోయి కాంపౌండు గోడ దగ్గర ఒలకబోశాను. గ్లాసులు కడిగాను. వాసన పోయేదాకా మెట్ల మీద బకెట్లతో నీళ్ళు పోశాను.  చివరి బకెట్ పోసేటప్పటికి ఏడుస్తున్నాను. 

అన్నీ తీసేశానని చెప్పాక అప్పుడు తిరిగాడు. మెట్లెక్కి వచ్చి, టవల్ చుట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి.  ఆకలైతున్నదక్కా, ఇంటికి పోత అన్నాడు.

ఆదివారం

ఆ ఏడు సాల్మన్ వంద కిలోమీటర్లు పరుగెత్తలేదు. టీషర్టులు వేసుకుని యువజనులు క్రికెట్ ఆడుకున్నారు. ఎముక అతికింది. నడక, ఆ తరువాత నడక మధ్యలో కాసింత పరుగు, పిక్క బలానికి వ్యాయామాలు, ఇలా మెల్లగా రోడ్డు మీదికి తెచ్చాను. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి.

పుస్తకాల్లో లేనిది ఆ సోమవారం తరువాత వచ్చిన ఆదివారం. పాటలయ్యాయి. సాక్ష్యాల సమయంలో సాల్మన్ లేచాడు.  అతను ఏం చెప్పబోతున్నాడో నాకు తెలియదు. నా పక్కన కూర్చున్న సునందకూ తెలియదని ఆమె ముఖం చూస్తే అర్థమైంది.

"అయ్యగారికి, సంఘానికి వందనాలు. కాలు బాగయిందని మొన్న సాక్ష్యం చెప్పిన. కాలేదు. తాగుడు పోయిందని అంతకుముందెప్పుడో చెప్పిన. తాగుతలేను గని, అది గూడ పోలే. ప్రతి దినం ఉంటది. ప్రార్థన చేయుండ్రి."

కూర్చున్నాడు.

ఏమనాలో ఎవరికీ తెలియలేదు. హల్లెలూయా అనే మాట దానికి అతకదు. అయ్యగారు నోరు తెరిచి మళ్ళీ మూశారు. 

"ఆమెన్" అని ఒక గొంతు వినబడింది. మగవాళ్ళ వైపు చివరి వరసవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా.

సునంద. తరువాత నేనన్నాను, తరువాత మిగతావాళ్ళు.